రంగు పట్టని చోటు

ఆ రంగుల షెడ్డులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ డేగమ్మే. రంగు వేసి ఆరబెట్టిన పట్టుబట్టను కిటికీ దగ్గర పరిచి, ఇటు చివర నిలబడి ఒక్క చూపు చూస్తే చాలు, అటు చివర గింజంత చోట రంగు తక్కువ పట్టినా చెప్పేసేది. ఇరవై ఆరేళ్ళ అనుభవం. ఆ చూపుకి షెడ్డు యజమాని కూడా జంకేవాడు. అంతటి కళ్ళున్న మనిషి తన ఒంటి సంగతికి వచ్చేసరికి మూడు నెలలపాటు తప్పు మీద తప్పు చేసింది. తెలివి తక్కువై కాదు, ఎక్కువై.

ఎనిమిదేళ్ళ కిందట ఆమెకు గర్భసంచి తీసేశారు. దాని ముఖద్వారం దగ్గర కణాలు మారుతున్నాయని, వదిలేస్తే క్యాన్సర్‌లోకి దిగుతాయని చెప్పి తీశారు. "సంచి పోయినా ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. రెండేళ్ళు బుద్ధిగా వెళ్ళింది. మూడో ఏడు షెడ్డులో పని మీద పడింది. నాలుగో ఏడు మోకాలి నొప్పి. అయిదో ఏటికి ఆ సంగతే మరిచిపోయింది. సంచే లేనప్పుడు ఇంకా చూడ్డానికేముంది అని ఒక సమాధానం కూడా దొరికింది. ఇష్టం లేని పనికి సమాధానం ఇట్టే దొరుకుతుంది, వెతుక్కోనక్కర్లేదు.

ఈ ఏడు లోబట్టల మీద రెండుసార్లు ఎర్రటి చుక్క కనిపించింది. బట్ట మీద చుక్క చూసి ఊరుకునే మనిషి కాదు కాబట్టి ఆస్పత్రికి బయల్దేరింది. మొగుడితో మాత్రం పన్ను చూపించుకొస్తానని చెప్పింది. ఆయన లిఫ్టుల మెకానిక్కు. రోజూ ఏదో ఒక భవనంలో తాళ్ళూ చక్రాలూ చూసుకుంటూ తిరిగే మనిషి, మాట తక్కువ. "ఏ పన్ను?" అన్నాడు. ఎడమ పక్క దవడ చూపించింది. పాపం ఆయన అప్పట్నుంచి ఆమె కోసం యాపిల్ పళ్ళు సన్నగా తరిగి పెట్టడం మొదలుపెట్టాడు.

ముందు దూదిపుల్లతో లోపల తుడిచి చేసే పరీక్ష, దాని ఫలితంలో ఏదో తేడా, మళ్ళీ రమ్మని ఫోను. రెండోసారి వెళ్ళినప్పుడు బల్ల మీద పడుకోబెట్టి, భూతద్దం ఉన్న యంత్రం ఒకటి కాళ్ళ దగ్గరకు జరిపారు. పక్కనే తెర. నర్సు ఒక గిన్నెలో దూది ముంచుతుంటే డేగమ్మ ముక్కు పుటాలు అదిరాయి.

"వెనిగరా అది?"

"అవునమ్మా, బాగా పల్చగా కలిపింది. కాస్త చురుక్కుమంటుంది" అంది డాక్టరమ్మ.

తరవాత అయోడిన్ పూశారు. డాక్టరమ్మ తెరను ఆమె వైపు తిప్పింది. లోపలంతా ముదురు గోధుమ రంగు పట్టింది. మూడు చోట్ల మాత్రం పట్టలేదు. పాలిపోయిన పసుపు మచ్చలు, అంచులు గీసినట్టు తేటగా. డేగమ్మకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది.

"భయపడకండి. ఇది క్యాన్సర్ కాదనే అనుకుంటున్నా, దానికి ముందరి దశ అయ్యుంటుంది" అంది డాక్టరమ్మ. "అప్పుడు ముఖద్వారం దగ్గర వచ్చిందే ఇప్పుడు యోని గోడకి వచ్చింది. అక్కడొచ్చిన వాళ్ళకి ఇక్కడ రావడం ఉంది. అందుకే ఏటేటా రమ్మన్నది. ఎంత ముదిరిందో తెలియాలంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఇప్పుడే తీస్తాను, చిటికెలో పని."

"ఎందుకొచ్చింది నాకు?"

"ఒక వైరస్. మొగుడూ పెళ్ళాల కలయికతోనే వస్తుంది. నూటికి తొంభై మందికి దానంతటదే పోతుంది. కొందరిలో ఏళ్ళ తరబడి నక్కి ఉంటుంది. ఎవరి నుంచి వచ్చింది, ఎప్పుడొచ్చింది అన్నది నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు."

ఈ మాటల్లో డేగమ్మ చెవికెక్కినవి రెండే. మొగుడు, వైరస్. పెళ్ళయిన కొత్తలో ఆయన పని నేర్చుకోడానికి పొరుగూళ్ళో నాలుగేళ్ళున్నాడు. నెలకోసారి వచ్చేవాడు. ఆ నాలుగేళ్ళూ ఆమె కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ఇక ముక్క తీయించుకునే ఓపిక ఎక్కడిది? వచ్చే వారం మా ఆయన్ని వెంటబెట్టుకుని వస్తాను, అప్పుడు తీద్దురుగాని అని నీళ్ళు నమిలి, అక్కణ్ణుంచి చల్లగా జారుకుంది.

వచ్చే వారం వెళ్ళలేదు. ఆస్పత్రి నుంచి ఫోనొస్తే ఊళ్ళో లేనంది. రెండోసారి వస్తే అసలు ఎత్తలేదు.

అలాగని ఊరికే కూర్చోలేదు. అక్కడే వచ్చింది చిక్కు. పట్టుకి రంగు పట్టాలంటే తొట్టిలో వెనిగర్ పడాలి. వెనిగర్ చాలని చోట రంగు నిలవదు, మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన బట్టని మళ్ళీ కడిగి, మళ్ళీ వెనిగర్ నీళ్ళలో నానబెట్టి, నిదానంగా రంగుకి పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేతులు చేస్తున్న పని అదే. ఆస్పత్రిలో ఏం చూసింది? వెనిగర్ పూశారు, రంగు పూశారు, మూడు చోట్ల పట్టలేదు. ఇందులో అర్థం కానిదేముంది, అక్కడ వెనిగర్ చాలలేదు అనుకుంది. డాక్టర్లు మచ్చలు బయటపడడానికి పూసేదాన్ని ఆవిడ మచ్చలకి మందనుకుంది. ఆ పొరపాటు ఇంకెవరూ చెయ్యరు. రంగుల షెడ్డులో పనిచేసేవాళ్ళు మాత్రమే అంత నమ్మకంగా చేస్తారు.

ఇక చూసుకోండి. రోజు విడిచి రోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఇంటికొచ్చి, స్నానాల గదిలో తలుపేసుకుని, నీళ్ళలో వెనిగర్ కలిపి, పిచికారీతో లోపల కడుక్కునేది. మొదట్లో కొంచెం. మంట పుట్టింది. మంట పుడితే పనిచేస్తోందని సంతోషించి ఇంకొంచెం పెంచింది. కూర్చుంటే మంట, నడిస్తే మంట. షెడ్డులో తొట్ల మధ్య నిలబడి పనిచేసేది కాబట్టి ఎవరూ గమనించలేదు.

మొగుడితో మాట్లాడడం మానేసింది. పూర్తిగా కాదు, ఉప్పు అందించండి, తలుపు వేయండి, అంతవరకే. మంచం మీంచి లేచి ముందుగదిలో చాప వేసుకుంది. వెన్ను నొప్పంది. ఆయన దిండు ఇచ్చాడు. తల తిప్పుకుంది. ఆయనకి ఏం తోచిందో ఏమో, పనినుంచి రాగానే చేతులు సబ్బుతో అరగంటసేపు తోముకోవడం మొదలుపెట్టాడు. ఆ నీళ్ళ చప్పుడు వింటే ఆమెకు ఇంకా ఒళ్ళు మండేది. ఎన్ని కడిగితే ఏం లాభం అనుకునేది. ఈ కోపంలో ఆమె ఒకటి మరిచిపోయింది. మరిచిపోయింది అంటే మర్యాదగా చెప్పినట్టు, పక్కకు నెట్టేసింది. పంతొమ్మిదో ఏట ఆమెకొక పెళ్ళయింది. పద్నాలుగు నెలల కాపురం. ఆ మనిషి రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఈ వైరస్ నేరం ఎవరిదని మనసులో విచారణ పెట్టినప్పుడు ఆమె ఆ మొదటాయన్ని అసలు పిలవనే లేదు.

మూడో నెల చివర్లో షెడ్డులో నీలం లాట్ ఒకటి చెడింది. దానికి రంగు వేసింది ఆమె తరవాత అంతటి పనిమంతుడు, అందరూ పెద్దాయన అనే మనిషి. బట్ట నిండా సన్నటి చారలు, రంగు పట్టనివి. డేగమ్మ కిటికీ దగ్గర బట్ట ఎత్తి పట్టుకుంది.

"ఎన్నిసార్లు వేశారు?"

"మూడుసార్లమ్మా. ప్రతిసారీ వెనిగర్ పెంచుతూనే ఉన్నా. ఒక్క పిసరు లొంగితే ఒట్టు."

"ఎందుకు లొంగుతుంది? ఈ చారల్లో ఉన్నది పట్టే కాదేమో. నేతలో వేరే దారం కలిసిందేమో. దారమే వేరైనప్పుడు మీరు తొట్టెడు వెనిగర్ పోసినా అంతే, ఉన్న పట్టు కాస్తా పాడవుతుంది. ఇంతకాలం పనిచేశారు, ఆ మాత్రం తెలీదా? ముందు చిన్న ముక్క కత్తిరించి పరీక్షకి..."

అక్కడ ఆగిపోయింది. పెద్దాయన ఆమె మొహం వైపు చూసి, "ఏంటమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?" అన్నాడు. ఆమె బట్ట ఆయన చేతుల్లో పెట్టి, చెప్పులేసుకుని, మధ్యాహ్నం మూడింటికి షెడ్డు దాటి వెళ్ళిపోయింది. ఇరవై ఆరేళ్ళలో అలా వెళ్ళడం అదే మొదలు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ యంత్రం జరుపుకుని, లోపల చూసి, తల పైకెత్తింది.

"ఏం వాడారమ్మా?"

డేగమ్మ చెప్పింది. ఎలా కలిపిందీ, ఎన్నిసార్లు, ఎందుకని అనుకుందీ, అంతా. నర్సు మొహం అటు తిప్పుకుంది, నవ్వు ఆపుకోడానికి. డాక్టరమ్మ నవ్వలేదు.

"తప్పు మీది ఒక్కరిదే కాదు. వెనిగర్ ఎందుకు పూశానో నేను చెప్పలేదు. అది మందు కాదమ్మా, మచ్చని బయటపెట్టే చిట్కా. మచ్చ మీద ఏ నీళ్ళు పోసినా పోదు, అక్కడ కణమే మారింది. ఇప్పుడు లోపలంతా పుండై ఉంది. ఈ స్థితిలో ముక్క తీసినా సరిగా తెలీదు. మూడు వారాలు ఏమీ తగలనివ్వకండి. మానాక తీద్దాం."

"ఈ మూడు నెలల్లో ముదిరి ఉంటే?"

"సాధారణంగా అంత తొందరగా ముదరదు. ముదరదని మాటివ్వలేను. క్యాన్సర్‌లోకి దాటేసి ఉంటే వైద్యం వేరు, పెద్దది. దాటకపోతే ఇక్కడే ఆపొచ్చు."

ఇక అప్పట్నుంచి ఆమెకు ఆ ఒక్క మాటే. దాటిందా, దాటలేదా. తొట్టిలో కర్ర తిప్పుతున్నా అదే, అన్నం కలుపుతున్నా అదే. మూడు వారాలకు ముక్కలు తీశారు. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. ఇంతదానికా నేను పారిపోయింది అని తనని తాను తిట్టుకుంది. ఫలితానికి పది రోజులు పడుతుందన్నారు.

అందులో ఆరో రోజు ఆదివారం. వంటింట్లో సింకు కింద గొట్టం కారుతోందని మెకానిక్కు నేల మీద వెల్లకిలా పడుకుని లోపలికి దూరాడు. నడుము కింది భాగమే బయటికి కనిపిస్తోంది. డేగమ్మ గడప మీద కూర్చుని ఆ కాళ్ళని చూసింది. మొహం కనిపించని ఆ మనిషితో చెప్పడం సులువనిపించింది.

"నాది పన్ను నొప్పి కాదు" అంది.

రెంచీ చప్పుడు ఆగింది.

"కింద మచ్చలొచ్చాయట. క్యాన్సర్‌కి ముందర వచ్చేవి. అయ్యిందో కాలేదో ఇంకో నాలుగు రోజుల్లో చెప్తారు."

కాళ్ళు కదిలాయి. "బయటికి రానా, ఇక్కడే ఉండనా?" అన్నాడాయన.

"అక్కడే ఉండండి."

ఉన్నాడు. నీళ్ళు చుక్కచుక్కగా గిన్నెలో పడుతున్నాయి. ఆమె వెనిగర్ సంగతి చెప్పింది, వైరస్ సంగతి చెప్పింది, చివరికి అది కూడా అడిగేసింది. ఆ నాలుగేళ్ళూ మీరు అక్కడ ఒంటరిగానే ఉన్నారా అని.

"ఆ నాలుగేళ్ళూ ఒంటరిగానే ఉన్నా" అన్నాడు నిదానంగా. "నిన్ను చేసుకోకముందు ఒకావిడ ఉండేది. ఏడాది పాటు. నీకు చెప్పలేదు. నా దగ్గర్నుంచే వచ్చుంటుంది."

డేగమ్మకు కోపం రావాల్సింది. మూడు నెలలుగా పోగుచేసుకున్నది అంతా ఈ మాట కోసమే కదా. తీరా చేతికొచ్చాక దాంతో ఏం చెయ్యాలో తోచలేదు. ఆయన ఒప్పేసుకున్నాడు, తనేమో తన మొదటి మొగుణ్ణి లెక్కలోకే రానివ్వకుండా కూర్చుంది. సిగ్గేసింది.

"నా మొదటాయన దగ్గర్నుంచి కూడా వచ్చుండొచ్చు" అంది.

"ఆయన పోయాడు కదా. ఇప్పుడాయన్ని ఏం తిడతావు? నన్నే తిట్టుకో."

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయామెకు. కొంగుతో మొహం తుడుచుకుంది. సింకు కిందినుంచి ఆయన గొంతు మళ్ళీ వచ్చింది.

"నా చేతుల గ్రీజు వాసన నీకు పడట్లేదనుకున్నా. తోలు ఊడేలా తోముకున్నా ఇన్నాళ్ళూ."

"పిచ్చి మనిషీ" అంది డేగమ్మ. ముప్ఫై ఏళ్ళలో ఆయన్ని ఏకవచనంలో అనడం అదే మొదటిసారి. ఆయన పట్టించుకోలేదు. ఇప్పుడు బయటికి రావచ్చా అని అడిగాడు, మెడ పట్టేసిందట.

ఫలితం చెప్పే రోజు ఆమె ఒంటరిగానే లోపలికి వెళ్తానంది. ఆయన వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ కాగితం చూసి, ముందు అసలు మాట చెప్పింది: "దాటలేదు." ఆ తరవాత మిగతావి. రెండు మచ్చలు బాగా ముదిరాయి, క్యాన్సర్ అంచుదాకా వచ్చాయి. వాటిలో బయటికి కనిపించేదాన్ని లేజర్‌తో కాల్చేస్తారు. ఇంకోటి పైన మడతలో ఉంది, అక్కడ లేజర్ వెలుగు సరిగా చేరదు, మడతలో ఏం దాగుందో తెలీదు, అందుకని దాన్ని కోసి తియ్యాలి. మూడోది లేతది, దాని జోలికి పోరు. క్రీము వాడే పద్ధతి కూడా ఉంది కానీ, ఇప్పటికే ఒరిసిపోయిన చోట మంట పెట్టే మందు తనకి ఇష్టం లేదంది. డేగమ్మ మధ్యలో ఒక్కటే అడిగింది, కోశాక కాపురానికి పనికొస్తానా అని. అడిగాక చెవులు ఎర్రబడ్డాయి.

"పనికిరావడమేంటి? అందుకోసమే కదా చూసి చూసి తక్కువ కోసేది" అంది డాక్టరమ్మ. "మానడానికి ఆరు వారాలు. ఆ తరవాత మీ ఇష్టం."

చేశారు. మానింది. చాప చుట్టి అటక మీద పెట్టేసింది. అంతటితో అయిపోయిందనే డేగమ్మ అనుకుంది. లాట్ చెడింది, బాగుచేశాం, కట్ట కట్టి పంపేశాం, ఆమెకు తెలిసిన లోకం అదే.

ఆరు నెలల పరీక్షకు మళ్ళీ బల్ల ఎక్కింది. వెనిగర్, అయోడిన్, తెర. ఈసారి గుండె దడ లేకుండా చూసింది. కాల్చిన చోట గోధుమ రంగు నిండుగా పట్టింది. కోసిన చోట సన్నటి తెల్ల గీత, అది కుట్టు మానిన మచ్చంది డాక్టరమ్మ. మూడో చోట మాత్రం పసుపు చుక్క అలాగే ఉంది. పెరగలేదు, తరగలేదు.

"ఇదింకా ఉంది" అంది డేగమ్మ.

"ఉంది. లేతదే. ఇలాంటివి చాలావరకు వాటంతటవే పోతాయి. దీన్ని ఏమీ చెయ్యం, చూస్తూ ఉంటాం. ఆరు నెలలకోసారి, ఆ తరవాత ఏడాదికోసారి."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ అనుకోండి. మళ్ళీ ఎక్కడైనా రావొచ్చు. వస్తే తొలినాళ్ళలోనే పట్టుకుంటాం, అంతే మన చేతిలో ఉన్నది." డాక్టరమ్మ చేతితొడుగులు తీస్తూ ఆమె వైపు చూసింది. "మధ్యలో మీరేమీ చెయ్యకుండా ఉండాలి. చేతనవుతుందా?"

డేగమ్మ ఆలోచించింది. బతుకంతా మచ్చ కనిపిస్తే చెయ్యి ఊరుకోలేదు. ఇప్పుడు ఒంట్లోనే ఒక మచ్చ ఉందని తెలిసి, అన్నం తిని, పనికి వెళ్ళి, నిద్రపోవాలి. ఆపరేషన్ బల్ల మీద కూడా ఇంత కష్టమనిపించలేదు.

"కష్టమే. ఉంటాను" అంది.

వసారాలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. మందుల చీటీలు పట్టుకున్నవాళ్ళు, బిడ్డల్ని ఎత్తుకున్నవాళ్ళు, గోడకానుకుని ఫోను చూసుకుంటున్నవాళ్ళు. మెకానిక్కు లేచి నిలబడ్డాడు. ఇలాంటప్పుడు ఆయన ఏమీ అడగడు, గేటు దాటి నలుగురికీ దూరంగా వెళ్ళేదాకా ఆగుతాడు. డేగమ్మ ఆయన ముందుకొచ్చి అక్కడే ఆగింది.

"యోనిలో ఒక మచ్చ మిగిలిందట" అంది, షెడ్డులో మోటార్ల మీదుగా మాట్లాడే గొంతుతో. "లేతది. దాన్నేం చెయ్యరట. చచ్చేదాకా వచ్చి చూపించుకుంటూ ఉండాలట."

బెంచీ మీద ముగ్గురు తలెత్తారు. ఒకావిడ చేతిలో చీటీ చదవడం ఆపింది. మెకానిక్కు ఆ మొహాలన్నీ ఒకసారి చూశాడు. గొంతు తగ్గించలేదు.

"సరే, వద్దాం. ఏ తారీకు ఇచ్చారు?"